సీ56 అనే చిన్న ఇంజిన్ వెనకాల తిరిగిన నా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, నేను రైళ్ళ పిచ్చోణ్ణి కాదు. నాగోయాలో ఐదేళ్ళుగా ఉంటున్నా, రోజూ ఆఫీసుకెళ్ళే రైలు రంగు తప్ప దాని గురించి ఇంకేమీ తెలీదు. అలాంటివాణ్ణి ఒక బొగ్గు ఇంజిన్ కోసం సెలవులు పెట్టుకుని ఊళ్ళు తిరిగానంటే మా ఆవిడే ఇప్పటికీ నమ్మట్లేదు. ఇది మొదలైంది కూడా జపాన్లో కాదు, థాయ్‌లాండ్‌లో.

బ్యాంకాక్ వెళ్ళినవాళ్ళందరూ పట్టాయా వెళ్తారు కదా, మేం కాంచనబురి వెళ్ళాం. కారణం మా అమ్మమ్మ. వాళ్ళది టెక్కలి దగ్గర పల్లె. అమ్మమ్మ వాళ్ళ పెదనాన్న పెళ్ళికాక ముందే ఓడెక్కి మలయా రబ్బరు తోటలకి వెళ్ళిపోయాడట, ఆ రోజుల్లో ఆ వైపు ఊళ్ళ నుంచి చాలామంది అలాగే వెళ్ళేవాళ్ళు. రెండు మూడేళ్ళు డబ్బులూ ఉత్తరాలూ వచ్చాయి, తర్వాత యుద్ధం వచ్చింది, ఉత్తరాలు ఆగిపోయాయి. యుద్ధం అయ్యాక తిరిగొచ్చిన పక్కూరాయన ఎవరో "సయాం రైలు పనికి పట్టుకుపోయారు, మళ్ళీ కనబళ్ళేదు" అని చెప్పాడట. అంతే. మా ఇంట్లో ఆయన గురించి ఉన్న సమాచారం ఆ ఒక్క వాక్యం. చిన్నప్పుడు అమ్మమ్మ నోట విన్నప్పుడు సయాం అంటే ఏదో కథలో దేశం అనుకునేవాణ్ణి.

ఆ సయాం రైలే థాయ్‌లాండ్ నుంచి బర్మాకి జపాన్ సైన్యం వేయించిన లైను. నాంగ్ ప్లాడుక్ నుంచి తన్‌బ్యుజయాత్ దాకా 415 కిలోమీటర్లు, 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబర్‌కల్లా అడవులూ కొండలూ కోసుకుంటూ పూర్తి చేసేశారు. యుద్ధఖైదీలు 12 వేలకి పైగా చచ్చిపోయారు, ఆసియా కూలీలైతే 90 వేల దాకా అని అంచనా. మలయా నుంచి తోలుకెళ్ళిన కూలీల్లో ఎక్కువమంది తమిళులు, వాళ్ళతో పాటు తోటల్లో ఉన్న మన తెలుగోళ్ళు కూడా.

తోన్‌బురి స్టేషన్లో పొద్దున్నే థర్డ్ క్లాసు బండెక్కి (ఫారినర్లకి 100 బాత్, కిటికీలు తెరిచే ఉంటాయి, ఫ్యాన్ తిరిగితే అదృష్టం) క్వాయ్ నది బ్రిడ్జి దగ్గర దిగాం. ఊళ్ళో సైనికుల శ్మశానం ఉంది, దాదాపు 7 వేలమంది, పచ్చగడ్డిలో వరసగా రాళ్ళు. చాలా రాళ్ళ మీద పేరు, వయసు, రెజిమెంటు. నేను పిచ్చోడిలా ఒక చివర్నుంచి ఇంకో చివరికి నడిచాను, ఒక్క మనవాళ్ళ కూలీ పేరైనా కనపడుతుందేమోనని. అది సైనికుల శ్మశానం, కూలీల పేర్లు అక్కడెందుకుంటాయి, తెలిసే వెతికాను.

బ్రిడ్జి దగ్గరకొస్తే స్టేషన్ ముందు ఒక నల్లటి బొగ్గు ఇంజిన్ పెట్టున్నారు. నిజం చెప్పాలంటే దాన్ని చూసి ఇదేంటి ఇంత పొట్టిగా ఉంది అనుకున్నా. పిల్లలు ఎక్కి దిగుతున్నారు. మా పక్కన ఒక జపాన్ ముసలాయన వాళ్ళావిడతో "షీ-గోరోకు" అన్నాడు, అని టోపీ తీసి చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. షీ అంటే ఇంగ్లీషు అక్షరం సీ, గో అంటే ఐదు, రోకు అంటే ఆరు. సీ56. థాయ్ రైల్వే పెట్టుకున్న నంబరు 719, జపాన్లో పుట్టినప్పటి పేరు సీ56 23. జపాన్ నుంచి ఇంత దూరం ఈ బుల్లి ఇంజిన్ ఎలా వచ్చింది అన్న ప్రశ్న ఆ ముసలాయన టోపీతో సహా నా బుర్రలో ఇరుక్కుపోయింది.

నాగోయా తిరిగొచ్చాక మా టీంలో ఒక పెద్దాయనకి ఫోటో చూపించా. రిటైర్‌మెంట్‌కి దగ్గరున్న మనిషి, మీటింగుల్లో నోరు విప్పడు, అలాంటాయన ఫోటో చూడగానే కుర్చీ నా వైపు తిప్పి గంటన్నర మాట్లాడాడు. పేపర్ తీసి గీసి చూపించాడు కూడా. మొదటి అక్షరం ఇంజిన్‌ని లాగే పెద్ద చక్రాల ఇరుసులెన్నో చెప్తుంది, సీ అంటే మూడు, డీ అంటే నాలుగు. తర్వాత అంకె 10 నుంచి 49 లోపు అయితే బొగ్గూ నీళ్ళూ ఇంజిన్ ఒంటి మీదే మోసుకుపోతుంది, 50 నుంచి 99 అయితే వెనకాల టెండర్ అని వేరే బండి ఉంటుంది. సీ56 అంటే సీ12 అనే చిన్న ఇంజిన్‌కి ఒక టెండర్ తగిలించి ఎక్కువ దూరం వెళ్ళేలా చేసినది అన్నమాట. 1935 నుంచి 1939 దాకా జపాన్ ప్రభుత్వ రైల్వేకి 160 చేశారు. డీ51 అని వాళ్ళ దేశంలో అందరికీ తెలిసిన ఇంజిన్ ఒకటుంది, అది 1,115. దాని ముందు ఇది కుర్రకుంక. కానీ తేలిక, బ్రాంచ్ లైన్లలో పల్చటి పట్టాల మీద కూడా పోతుంది, అందుకే సైన్యం కన్ను దీని మీద పడింది. 1 నుంచి 90 నంబరు దాకా మొత్తం 90 ఇంజిన్లు తీసేసుకుని ఓడలెక్కించారు. జపాన్ పట్టాల వెడల్పు 1,067 మిల్లీమీటర్లు, థాయ్‌లాండ్, బర్మాల్లో 1,000, అంటే మన పాత గుంటూరు-గుంతకల్లు లైన్లో ఉన్న మీటర్ గేజే. ఆ 67 మిల్లీమీటర్లు చక్రాలు లోపలికి జరిపి పంపారు.

తర్వాత రోజు ఆయన ఇంటి నుంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చాడు. అందులో ఒక్కో ఇంజిన్‌కి ఒక్కో లైను, ఏ ఫ్యాక్టరీలో ఏ తేదీన పుట్టింది, ఏ షెడ్డులో ఉద్యోగం చేసింది, ఎప్పుడు దేశం దాటింది, ఎక్కడ ఆగింది. పెళ్ళిచూపులకి జాతకాలు తెచ్చినట్టు వేలితో చూపిస్తూ చదువుతున్నాడు. యుద్ధం అయ్యాక థాయ్ రైల్వే చేతికి 46 వచ్చాయి, 701 నుంచి 746 అని కొత్త నంబర్లు, ఏ పాత నంబరుకి ఏ కొత్త నంబరో కూడా ఉంది. నాకు మధ్యలో వినపడ్డం మానేసింది. మా అమ్మమ్మ పెదనాన్న ఏ సంవత్సరం ఓడెక్కాడో కూడా మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఆయనకి ఆ కథంతా చెప్పలేదు, చెప్పేంత జపనీస్ నాకు రాదు, వచ్చినా ఆఫీసులో చెప్పే కథ కాదు. "మిగిలినవి చూడాలనుంది" అన్నా అంతే. ఆయన వెంటనే నాలుగు చోట్లు రాసిచ్చాడు.

మొదటిది టోక్యో. యాసుకుని గుడి పక్కన యూషూకాన్ అని మ్యూజియం, దాని ఎంట్రన్స్ హాల్లోనే సీ56 31 ఉంటుంది, హాలు వరకూ టికెట్ అక్కర్లేదు. అది యుద్ధంతో ముడిపడ్డ చోటని తెలుసు కాబట్టి వెళ్ళాలా వద్దా అని వారం ఆలోచించా. వెళ్ళా. అద్దాల హాల్లో ఒక పక్క యుద్ధవిమానం, ఇంకోపక్క ఈ ఇంజిన్, నిగనిగలాడిపోతోంది, కింద నేలలో దాని నీడ కనపడేంత మెరుపు. లైను రెండు కొసలూ కలిసిన కొంకొయితాలో 1943 అక్టోబర్ 25న ప్రారంభోత్సవం చేసినప్పుడు వచ్చిన ఇంజిన్ ఇదే. తర్వాత థాయ్‌లాండ్‌లో 725 నంబరుతో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసి, 1979లో తిరిగొచ్చింది, లైను వేసిన రైల్వే రెజిమెంటులో పనిచేసిన పాత సైనికులు డబ్బులు పోగేసి తెప్పించుకున్నారు. చక్రం దగ్గర వంగి చూశా. ఈ చక్రం తిరిగిన పట్టా కింద స్లీపర్‌ని ఎవరో ఒకరు భుజం మీద మోసుకొచ్చి వేసుంటారు కదా. ఫోటో తీశా కానీ అమ్మమ్మకి పంపలేదు. ఇరవై నిమిషాలు కూడా ఉండలేకపోయా, బయటికొచ్చి ఒక క్యాన్ కాఫీ తాగి షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ ట్రైన్) ఎక్కేశా.

రెండోది షిజువోకా వైపు ఓయిగావా రైల్వే. 1979లో 31తో పాటు ఇంకొకటి కూడా వెనక్కొచ్చింది, సీ56 44, అక్కడ 735. దాన్ని ఓయిగావా వాళ్ళు కొనుక్కుని 1980 నుంచి మళ్ళీ జనాన్ని ఎక్కించి నడిపారు, 2007లో అయితే జపాన్-థాయ్ స్నేహానికి 120 ఏళ్ళని థాయ్ రంగులు వేసి 735 నంబరుతోనే తిప్పారట. ఈ రైల్వే 1976లోనే బొగ్గు ఇంజిన్‌ని మళ్ళీ పట్టాలెక్కించింది, అప్పటికి దేశంలో అందరూ పక్కన పడేసిన టైం. ఇక్కడ నా పొరపాటేంటంటే ఎస్‌ఎల్ టికెట్ బుక్ చేస్తే సీ56 వస్తుందని అనుకోవడం (జపాన్లో బొగ్గు బండిని ఎస్‌ఎల్ అంటారు, అందరూ). ఏ ఇంజిన్ అని అడక్కుండా సీటు బుక్ చేసుకున్నా, నేను వెళ్ళిన రోజు లాగింది సీ11. టైఫూన్‌కి 2022లో లైను చాలాచోట్ల దెబ్బతింది కాబట్టి బండి పూర్తి దూరం వెళ్ళట్లేదు కూడా. అయినా బాగుంది అబ్బా, పాత చెక్క బోగీలు, ఏసీ లేదు, కిటికీ తెరిస్తే తేయాకు తోటలు, సొరంగం వచ్చినప్పుడు అందరూ గబగబా కిటికీలు మూసే హడావుడి. కండక్టర్ మౌతార్గన్ వాయిస్తే ముసలాళ్ళు కూడా పాడుతున్నారు. మా ఆవిడ ఈ ఒక్క ట్రిప్‌కే సర్టిఫికెట్ ఇచ్చింది. సీ56 మాత్రం కనపళ్ళేదు.

మూడోది కియొసాతో, ఇది నేను ఒక్కణ్ణే వెళ్ళా. నాగోయా నుంచి షినానో ఎక్స్‌ప్రెస్ ఎక్కి షియోజిరిలో మారి, కొబుచిజావాలో మళ్ళీ మారి కోఉమి లైను పట్టాలి. ఆ లైన్లో బళ్ళు తక్కువ అని తెలుసు, ఎంత తక్కువో తెలీదు. కొబుచిజావాలో నిలబడి సోబా నూడుల్స్ తింటూ ఆఖరి చుక్క దాకా పులుసు తాగేసి వెళ్ళేసరికి బండి తోక కనపడింది. తర్వాతది దాదాపు రెండు గంటలకి. ఎవర్నీ అనక్కర్లేదు, సోబా బాగుంది.

కియొసాతో స్టేషన్ సముద్రమట్టానికి 1,270 మీటర్ల పైన ఉంటుంది, దాని తర్వాత స్టేషన్ నొబేయామా 1,345 మీటర్లు, జేఆర్ (జపాన్ రైల్వే కంపెనీలు) మొత్తంలో అన్నిటికన్నా ఎత్తు. ఆ చల్లటి కొండల మీద పండే కూరగాయలూ మనుషులూ ఒకే బండిలో పెట్టుకుని సీ56లు ఎక్కేవట, అందుకే పీఠభూమి పొట్టి గుర్రం అని ముద్దుపేరు. ఇప్పుడు అదే లైన్లో హైబ్రిడ్ రైలు తిరుగుతోంది, 2007లో ప్రపంచంలో మొదటిసారి ప్రయాణికులతో మొదలుపెట్టింది ఇక్కడే. స్టేషన్ బయట సీ56 149 ఉంది. మామూలుగా ఆరుబయట, ఎండకీ మంచుకీ. ఆ పూట చుట్టూ ఎవ్వరూ లేరు.

బండి తప్పిపోయినందుకు ఫలితమేమో గాని అక్కడ తీరిగ్గా చూడగలిగా. ముందు చిన్న చక్రాలు ఒక జత, తర్వాత పెద్ద చక్రాలు మూడు జతలు, వాటి పైన ఎవరో సగంలో కోసేసినట్టు పొట్టి బాయిలర్. పెద్ద చక్రం అడ్డంగా 1,400 మిల్లీమీటర్లు, నా గుండె దాకా వచ్చింది. అన్నిటికన్నా నాకు నచ్చింది దాని టెండర్. మామూలు టెండర్ పెద్ద పెట్టెలా ఉంటుంది కదా, దీనికి పై భాగం రెండు పక్కలా లోపలికి కోసేసి, మధ్యలో మాత్రమే బొగ్గు గది నిలబడుతుంది. ముందు ఇదేదో రిపేరులో తీసేసిన ముక్క అనుకున్నా. కాదు. బ్రాంచ్ లైన్ల చివర ఇంజిన్‌ని తిప్పడానికి టర్న్‌టేబుల్ ఉండదు, వచ్చినట్టే వెనక్కి వెనక్కి నడపాలి, అప్పుడు డ్రైవర్ తల తిప్పితే వెనక పట్టాలు కనపడాలి, అందుకని భుజాలు కోసేశారు. క్యాబిన్ వైపు నిలబడి వెనక్కి తిరిగి చూశా, నిజంగానే ఆ సందులోంచి పట్టా, దాని పక్కన గడ్డి, దూరంగా కొండ చక్కగా కనిపించాయి. 1935లో ఎవరో డ్రాయింగ్ బల్ల దగ్గర కూర్చుని ఒక డ్రైవర్ మెడ నొప్పి గురించి ఆలోచించారు. అంత ఆలోచించిన బుద్ధే అడవిలో కూలీ గురించి ఎందుకు ఆలోచించలేదు అని కోపం వచ్చింది, డిజైన్ చేసినవాళ్ళు వేరు, అడవిలో తోలినవాళ్ళు వేరు అని నాకే తెలుసు, అయినా వచ్చింది. మళ్ళీ బండి తప్పిపోకూడదని అరగంట ముందే వెళ్ళి ప్లాట్‌ఫాం మీద కూర్చున్నా.

ఇక నాలుగోది క్యోటో. అన్నిటికన్నా ఈజీగా అయిపోవాల్సింది, రెండుసార్లు పట్టింది.

మొదటిసారి బుధవారం. ఆఫీసుకి సెలవు పెట్టి, వారం మధ్యలో అయితే జనం ఉండరని నేనే పెద్ద తెలివిగా ప్లాన్ వేసి, ఉమెకోజి-క్యోటోనిషి స్టేషన్లో దిగి, గేటు దాకా హుషారుగా నడిచా. క్యోటో రైల్వే మ్యూజియంకి బుధవారం సెలవు. నాతో పాటు ఇంకో కుటుంబం కూడా అదే తెలివితో వచ్చింది, పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. వాడి బాధ నాకు అర్థమైంది.

రెండోసారి శనివారం, ఈసారి మా పెద్దాయన్ని అడిగి సీ56 160 పనిలో ఉన్న రోజు చూసుకుని వెళ్ళా. ఎవరైనా వెళ్ళేటట్టయితే ఈ రెండూ చూసుకోండి, బుధవారం కాకూడదు, ఏ ఇంజిన్ పనిలో ఉందో ముందు కనుక్కోవాలి. లోపల ముందంతా షిన్‌కాన్‌సెన్లూ అవీ ఉంటాయి, నేను వాటిని దాటుకుంటూ వెనక్కి పోయా. వెనక్కి వెళ్తే 1914లో కట్టిన షెడ్డు, విసనకర్ర ఆకారంలో 20 గదులు, మధ్యలో టర్న్‌టేబుల్. 1972లో బొగ్గు ఇంజిన్లు పోతున్నాయని దీన్నే మ్యూజియం చేశారు, 2016లో అదే పెరిగి ఇప్పటి రైల్వే మ్యూజియం అయింది. గదికో ఇంజిన్, అన్నీ మొహాలు బయటికి పెట్టుకుని, సాయంత్రం పశువుల సాలలా. అందులో సీ62 2 పక్కన నిలబడితే మనిషి చీమ, నీళ్ళూ బొగ్గూ నింపితే 145 టన్నులు. సీ56 65 టన్నులు, అంటే సగం కూడా లేదు.

160 అంటే ఆఖరి నంబరు. ఇది దేశం దాటలేదు. 90 దాకా తీసుకెళ్ళారు కాబట్టి ఇది మిగిలింది, అంతే, ఇంకే కారణమూ లేదు. 2018 మే దాకా బీవా సరస్సు పక్కన మైబారా నుంచి కినోమొతో వరకు ఎస్‌ఎల్ కితాబీవాకో అనే బండిని ఇదే లాగేది, ఇప్పుడు మెయిన్ లైన్ మీదకి పోదు, మ్యూజియంలో పిల్లల బండి లాగుతుంది. ఎస్‌ఎల్ స్టీమ్‌గో అంటారు, వెళ్ళి రావడం కలిపి కిలోమీటరు, పది నిమిషాలు. టికెట్ వేరే కొనాలి, కొన్నా. వరసలో నాకు ముందూ వెనకా అందరూ మూడేళ్ళ పిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలే, పిల్లలు లేకుండా వచ్చిన మగాణ్ణి నేనొక్కణ్ణే అని కొంచెం సిగ్గేసింది గాని తర్వాత చూస్తే ఇంకో నలుగురున్నారు, పెద్ద పెద్ద కెమెరాలతో.

కూత గురించి చెప్పాలి. వీడియోల్లో విని వెళ్ళా కదా అనుకున్నా, దగ్గర్లో వింటే చెవిలో కాదు, కడుపులో వినపడుతుంది. నా ముందున్న పాప చెవులు మూసుకుని నవ్వింది. బండి కదిలేటప్పుడు ఒక్కసారిగా కుదుపు ఉండదు, ముందు తెల్లటి ఆవిరి పక్కలకి కొట్టి, ఒక దగ్గు, ఇంకో దగ్గు, మెల్లిగా. పక్కన పైన షిన్‌కాన్‌సెన్ సర్రున పోయింది, మా బండిలో ఒక్కడు కూడా తల తిప్పలేదు. పొగ వాసన నాకు కొత్త కాదు, అది కొత్త కాదని అప్పుడే గుర్తొచ్చింది, నాలుగేళ్ళప్పుడు అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని నౌపడ-గుణుపురం చిన్న గేజ్ బండెక్కాను, బొగ్గు నలుసు కంట్లో పడితే అమ్మమ్మ చీరకొంగు ఉండ చేసి నోటి ఆవిరి పట్టి కంటికి అద్దింది.

దిగాక మళ్ళీ టికెట్ కొన్నా. ఈసారి ఎక్కకముందు అమ్మమ్మకి వీడియోకాల్ చేశా, అక్కడ మధ్యాహ్నం, మా మావయ్య ఫోన్ పట్టుకెళ్ళి ఇచ్చాడు. ఇంజిన్ చూపించా.

"ఏటిరా, ఇంత సిన్నదా? మన నౌపడ బండి లాగుందిగదా" అంది.

"అంత చిన్నది కాదులే అమ్మమ్మా. సయాం లైను మీద తిరిగినవి ఇలాంటివే."

"ఇదేనా?"

"ఇది కాదు, ఇది ఇక్కడే ఉండిపోయింది. దీనికన్నా ముందు చేసినవి వెళ్ళాయి."

కాసేపు ఏం మాట్లాడలేదు. ఫోన్ సరిగ్గా పట్టుకోదు ఎప్పుడూ, నాకు కనపడుతున్నది సగం మొహం, సగం సీలింగ్ ఫ్యాను. తర్వాత, "బొగ్గేసీవోడు కనపడతాడేటి? ఓపాలి సూపించు" అంది.

క్యాబిన్ వైపు జరిగా. ఫైర్‌మన్ కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో, మెడకి తెల్ల టవల్, పార తీసుకుని వెనక టెండర్లోంచి బొగ్గు తోడటం, నిప్పుగది తలుపు తెరుచుకోవడం, లోపలికి విసరడం, తలుపు పడిపోవడం. మళ్ళీ. ప్రతిసారీ తలుపు తెరిచినప్పుడు అతని మొహం ఒక్క క్షణం నారింజరంగులోకి మారి మళ్ళీ నల్లబడుతోంది. నేను ఫోన్ ఎత్తి పట్టుకుని అలాగే ఉన్నా, చెయ్యి నొప్పెట్టింది. అమ్మమ్మ కట్ చెయ్యమనలేదు. అతను ఒకసారి తలెత్తి ఫోన్ చూసి, ఏ చిన్నపిల్లకో చూపిస్తున్నాననుకున్నట్టున్నాడు, తెల్ల గ్లవ్ ఉన్న చేత్తో టాటా చెప్పాడు. స్క్రీన్ మీద ఫ్యాను పక్కన అమ్మమ్మ గాజుల చెయ్యి ఒకటి పైకి లేచింది.